నైట్రో ఆగిపోయాక ఆ జనం ఎటు పోయారు? ఒక షెడ్యూలింగ్ మనిషి రాసుకున్న కేస్ స్టడీ

పోయినేడాది మా పోటీ ఛానల్ వాళ్ళు రాత్రి తొమ్మిది స్లాట్‌లో ఏళ్ళ తరబడి నడుస్తున్న సీరియల్‌ని ఆపేస్తున్నారని కబురొచ్చింది. నేను ఓ తెలుగు ఛానల్లో షెడ్యూలింగ్ చూస్తా, పదిహేనేళ్ళు దాటింది, ఏ ప్రోగ్రాం ఎన్నింటికి వెయ్యాలి, అవతల ఆ టైంకి ఏముంది, బ్రేక్ ఎక్కడ పడాలి, ఇదే నా పని. ఆ రోజు మీటింగ్‌లో అందరి మొహాలూ వెలిగిపోయాయి. వాళ్ళ జనం ఇంకెక్కడికి పోతారు, మన దగ్గరికే కదా రావాలి, మన పెద్ద సీరియల్‌ని తొమ్మిదింటికి జరిపేద్దాం అని దాదాపు తేల్చేశారు. నేను రెండు వారాలు టైం అడిగా. ఎందుకడిగానో చెప్పాలంటే 2001లో ఆగిపోయిన నైట్రో అనే అమెరికా రెజ్లింగ్ షో కథ చెప్పాలి, పోటీవాడు మూతపడితే వాడి ప్రేక్షకుడు ఏమవుతాడు అనే ప్రశ్నకి నాకు తెలిసి అంతకంటే శుభ్రంగా జవాబు చూపించే కేసు ఇంకోటి లేదు.

మా తరానికి రెజ్లింగ్ అంటే ముందు టీవీ కాదు, కార్డులు. గుంటూరులో మా స్కూల్ బయట బడ్డీకొట్లో కొనుక్కున్న ట్రంప్ కార్డులు, ర్యాంకు, హైటు, వెయిటు, చెస్ట్, బైసెప్స్, ఎన్ని ఫైట్లు ఆడాడు, ఎన్ని గెలిచాడు. అండర్‌టేకర్ కార్డు ఎవడి చేతిలో ఉంటే ఆ పూట వాడిదే రాజ్యం. అది నిజమా స్క్రిప్టా అని తెగ వాదించుకునేవాళ్ళం. ఈ ఫీల్డ్‌లోకి వచ్చాక అర్థమైంది ఏంటంటే, ఫలితం ముందే రాసుకుంటారు కాబట్టే అది నాకు పనికొచ్చే పాఠం, అచ్చం డైలీ సీరియల్ లాగే రచయితలు కూర్చుని ఎవర్ని లేపాలి ఎవర్ని పడెయ్యాలి అని వారం వారం తేల్చుకునే బిజినెస్ అది. దెబ్బలు మాత్రం నిజంగా ఒంటికే తగుల్తాయి, ఆ మనుషుల మీద నాకు గౌరవం ఉన్నది అందుకే.

కథలోకి వస్తే, 1980ల మొదటి దాకా అమెరికాలో రెజ్లింగ్ అంటే ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం కంపెనీయే. మన సినిమాల్లో నైజాం, సీడెడ్, ఆంధ్రా అని ఏరియాలు పంచుకున్నట్టు వాళ్ళు రాష్ట్రాలు పంచుకున్నారు, ఒకడి ఏరియాలోకి ఇంకొకడు పోకూడదని ఒప్పందం. విన్స్ మెక్‌మాన్ 1982లో తండ్రి దగ్గర్నుంచి న్యూయార్క్ కంపెనీ కొనుక్కుని ఆ గీతలన్నీ చెరిపేశాడు, అదే డబ్ల్యూడబ్ల్యూఎఫ్. 1985 మార్చి 31న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మొదటి రెజిల్‌మేనియా పెట్టాడు, హల్క్ హోగన్‌ని పిల్లల హీరోని చేశాడు. దక్షిణాదిన కరోలినాల వైపు జిమ్ క్రాకెట్ కంపెనీ మిగిలింది, దాన్ని 1988లో కేబుల్ టీవీ పెద్దమనిషి టెడ్ టర్నర్ కొన్నాడు, అదే డబ్ల్యూసీడబ్ల్యూ. వీళ్ళ చూసేవాళ్ళు వేరు, వాళ్ళ చూసేవాళ్ళు వేరు. ఇది గుర్తుపెట్టుకోండి, మొత్తం కేసు దీనిమీదే తిరుగుతుంది.

విన్స్ 1993 జనవరిలో మండే నైట్ రా మొదలెట్టాడు. టర్నర్ కంపెనీలో రెజ్లింగ్ నడిపే ఎరిక్ బిషాఫ్ 1995 సెప్టెంబర్ 4న సరిగ్గా అదే సోమవారం రాత్రికి నైట్రో తెచ్చాడు, మొదటి ఎపిసోడ్ మిన్నెసోటాలో మాల్ ఆఫ్ అమెరికా అనే షాపింగ్ మాల్ మధ్యలో రింగ్ వేసి. ఆ రాత్రి అవతలి వాళ్ళ షో టెన్నిస్ వల్ల లేదు, అంటే ఖాళీ మైదానం చూసి దిగాడు. పైగా ముందు రోజు దాకా విన్స్ దగ్గర ఆడిన లెక్స్ లూగర్ సడన్‌గా నైట్రోలో నడుచుకుంటూ వచ్చాడు. ఏ షో మీద ఎవడు ఎప్పుడు వస్తాడో తెలీదు అనే భయం, ఆ ఆశ, రెండూ చూసేవాడిలో ఒకేసారి పుట్టాయి. రిమోట్ చేతిలోంచి కింద పెట్టబుద్ధి కాదు.

బిషాఫ్ చేసిన పనులు షెడ్యూలింగ్ మనిషిగా చూస్తే నిజంగా గొప్పవి. రా షో ఖర్చు తగ్గించుకోడానికి కొన్ని వారాలు ముందే రికార్డ్ చేసి పెట్టుకునేవాళ్ళు, నైట్రో మాత్రం లైవ్. సో అవతల రికార్డ్ అయిన ఫలితాలు వీళ్ళు లైవ్‌లో చెప్పేసేవాళ్ళు, ఇక అటు మార్చి చూడ్డానికి ఏముంటుంది. తర్వాత 1996 మే 27 నుంచి నైట్రోని రెండు గంటలు చేశాడు, రా ఒక గంటే, కాబట్టి మొదటి గంట పోటీయే లేదు. అలవాటు పడ్డ జనం ఆ గంట చూసి అక్కడే కూర్చుండిపోతారు. అదే రాత్రి స్కాట్ హాల్ జీన్స్ ప్యాంటుతో జనంలోంచి వచ్చి రింగ్ ఎక్కాడు, రెండు వారాలకి కెవిన్ నాష్, ఇద్దరూ విన్స్ మనుషులే అని చూసేవాళ్ళకి తెలుసు, వీళ్ళు దండయాత్రకి వచ్చారు అన్నట్టు కథ. జులై 7న హోగన్ విలన్ అయిపోయాడు. పన్నెండేళ్ళు పిల్లలకి విటమిన్లు వేసుకోండి, ప్రార్థన చేసుకోండి అని చెప్పిన మనిషి విలన్! రింగ్‌లోకి చెత్త కప్పులు వచ్చి పడ్డాయి, కింద అంతా చెత్త, మధ్యలో హోగన్ మాట్లాడుతున్నాడు, ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో.

అక్కడ అసలు జరిగింది ప్రేక్షకుడి మార్పు. 80ల్లో హోగన్‌ని చూసిన పిల్లలు 1996కి కాలేజీకొచ్చారు, ఉద్యోగాల్లో చేరారు, వాళ్ళకి ఇంకా చెత్తబండివాడు, పందుల పెంపకందారు లాంటి వేషాలు చూపిస్తుంటే ఎవరు కూర్చుంటారు. వయసొచ్చిన ఆ కుర్రాళ్ళని ముందు గుర్తుపట్టింది బిషాఫ్. వరసగా 83 వారాలు నైట్రో గెలిచింది, 1998 ఏప్రిల్ దాకా.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ 83 వారాల్లో హోగన్‌లు నాష్‌లు పోస్టర్ మీద ఉన్నారు గానీ షో మధ్యలో జనం లేచిపోకుండా పట్టుకుంది మాత్రం రే మిస్టీరియో, ఎడ్డీ గెరేరో, డీన్ మాలెంకో, క్రిస్ జెరికో లాంటి చిన్న సైజు వాళ్ళే. ఎగిరి దూకి గాలిలో తిరిగే ఆట. మన సీరియల్లో కూడా జనం ఛానల్ పెట్టేది హీరోయిన్ కోసం, అత్తగారి కోసం, మధ్యలో నిలబెట్టేది ఎవరో చిన్న పాత్ర, కానీ జీతాలు పెంచేటప్పుడు ఆ పాత్ర ఎవరికీ గుర్తురాదు. అక్కడా అంతే జరిగింది. జెరికో 1999 ఆగస్టులో వెళ్ళిపోయాడు, ఎడ్డీ, మాలెంకో 2000 జనవరి ఆఖర్లో అవతల షోలో తేలారు. పైవాళ్ళ చేతుల్లో పెద్ద పెద్ద గ్యారంటీ కాంట్రాక్టులు, హోగన్‌కైతే తన కథ తనకి నచ్చకపోతే కాదనే హక్కు కూడా ఉంది. కిందవాడు పైకి ఎక్కే మెట్టే లేదు.

విన్స్ ఈలోపు ఏం చేశాడో అందరికీ తెలిసిందే కాబట్టి తొందరగా చెప్తా. ఓడిపోతున్నవాడు కాబట్టి తెగించాడు. తాగి బాస్‌ని కొట్టే ఉద్యోగిగా స్టీవ్ ఆస్టిన్, ఆ బాస్‌గా తనే. 1998 మార్చి 29న బోస్టన్‌లో మైక్ టైసన్‌ని పక్కన నిలబెట్టి ఆస్టిన్‌కి ఛాంపియన్ బెల్ట్ ఇచ్చాడు, రెండు వారాల్లో 83 వారాల పరంపర తెగిపోయింది.

నేను ట్రెయినీలకి ఈ కేసు చెప్పినప్పుడు ఎక్కువసేపు ఆగేది రెండు రాత్రుల దగ్గర. మొదటిది 1998 జులై 6. అట్లాంటా జార్జియా డోమ్, 40 వేలకు పైగా జనం, ఒక్క ఫైటూ ఓడిపోని గోల్డ్‌బర్గ్ హోగన్‌ని పడగొట్టి బెల్ట్ తీసుకున్నాడు. ఆ స్టేడియం అరుపు ఇప్పుడు విన్నా ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఆ మ్యాచ్‌ని ప్రకటించింది కొద్ది రోజుల ముందే, చూపించింది ఫ్రీగా టీవీలో. ఆ రోజుల్లో పెద్ద మ్యాచ్ అంటే పే పర్ వ్యూ, ఇంట్లో కూర్చుని డబ్బు కట్టి చూడాలి, ఆ బిజినెస్‌కి అసలు లాభం అదే. నెలల తరబడి ఊరించి అమ్మాల్సిన మ్యాచ్‌ని ఒక సోమవారం రేటింగ్ కోసం పెట్టేశారు. ఆ వారం గెలిచారు. విత్తనం వండుకుని తినేసిన వారం అది.

రెండోది 1999 జనవరి 4. మళ్ళీ జార్జియా డోమే. రా షో ఆ వారం ముందే రికార్డ్ చేసింది, అందులో మిక్ ఫోలీ మొదటిసారి ప్రపంచ బెల్ట్ గెలుస్తాడు. నైట్రో వాళ్ళు పాత అలవాటు ప్రకారం ఆ ఫలితాన్ని లైవ్‌లో చెప్పించారు, కామెంటేటర్ చేత వెటకారంగా, ఇతని వల్ల సీట్లు నిండుతాయట అని. చెప్పిన నిమిషాల్లో దాదాపు 6 లక్షల మంది అటు తిప్పేశారని లెక్క. ఆలోచించండి, ఫోలీ అంటే చాలా ఎత్తు నుంచి పడి లేచి మళ్ళీ కొట్లాడిన మనిషి, అందమైన మొహం కాదు, కండలు లేవు, మధ్యతరగతి ఇంట్లో బాబాయిలా ఉంటాడు. అతనికి బెల్ట్ రావడమంటే చూసేవాడికి తనకే వచ్చినట్టు. మూడేళ్ళ కింద ఫలితం చెప్తే జనం ఆగారు, ఎందుకంటే అప్పుడు అవతల చూడ్డానికి ఏం లేదు. ఇప్పుడు చెప్తే వెళ్ళిపోయారు, ఎందుకంటే ఆ ఫలితం వాళ్ళు కోరుకున్నది. ఆయుధం అదే, ప్రేక్షకుడు మారిపోయాడు, అది వీళ్ళు చూసుకోలేదు.

పోనీ మళ్ళీ ఇటు తిరిగొచ్చిన వాళ్ళకి ఏం చూపించారు? నాష్, హోగన్ మెయిన్ ఈవెంట్. హోగన్ వేలితో నాష్ ఛాతీ మీద ఇలా పొడిచాడు, నాష్ ఎగిరి వెల్లకిలా పడ్డాడు, హోగన్‌కి బెల్ట్. అంతా ముందే మాట్లాడుకున్న కుట్ర అని కథ. టికెట్ కొనుక్కుని వచ్చిన సొంతూరి జనం ముందు. ఆ రాత్రి రేటింగ్, అంటే చూసిన ఇళ్ళ శాతం, రా 5.7, నైట్రో 5.0. తేడా చిన్నదే. ఆ ఒక్క రాత్రి గ్రాఫ్ చూసి ఎవరూ కంగారు పడరు. కానీ ఆ రోజు నుంచి నైట్రో ఇంక ఎప్పుడూ మామూలు పోటీ వారంలో గెలవలేదు. ఫోలీ వల్లే నేను ఈ సీట్లో ఉన్నా అని రాసిన అట్టలు తర్వాత వారాల్లో రా స్టేడియంలో కనపడ్డాయి.

తర్వాత రెండేళ్ళు గబగబా అయిపోయాయి. మూడు గంటల నైట్రో, దానికి తోడు గురువారం థండర్ అని ఇంకో రెండు గంటలు, రచయితలు మారారు, ఒక సినిమా నటుడికి బెల్ట్ ఇచ్చారు, 2000లో ఒక్క ఏడాదికే నష్టం 6 కోట్ల డాలర్లు దాటిందంటారు. టర్నర్ కంపెనీ టైమ్ వార్నర్‌లో, అది ఏఓఎల్‌లో కలిసిపోయాక, కొత్తగా వచ్చిన టీవీ బాసు జేమీ కెల్నర్ మా ఛానళ్ళలో రెజ్లింగ్ వద్దన్నాడు. స్లాట్ లేని రెజ్లింగ్ కంపెనీని ఎవడు కొంటాడు. 2001 మార్చిలో విన్స్ చాలా చవగ్గా కొనేశాడు. మార్చి 26న ఫ్లోరిడాలో పనామా సిటీ బీచ్ దగ్గర ఆఖరి నైట్రో, ఆఖరి మ్యాచ్ స్టింగ్, రిక్ ఫ్లెయిర్, ఇద్దరూ అయ్యాక కౌగిలించుకున్నారు.

మా మీటింగ్‌లో అడగాల్సిన ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. ఇంకెవరూ లేరు. సోమవారం రాత్రి ఒకటే షో. ఆఖర్లో కూడా నైట్రోకి 2 పైన రేటింగ్ వచ్చేది, అంటే లక్షల ఇళ్ళు. అవి రా షోకి కలిస్తే ఎంత కావాలి? కలవలేదు. అంతకుముందు ఏడాది 6 దగ్గర తిరిగిన రా, 2001 చివరికి 4 చుట్టూ వచ్చింది, 2002లో ఇంకా తగ్గింది. పోటీవాడి జనం రాకపోగా సొంత జనమూ సన్నబడ్డారు. దీనికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, ఆస్టిన్‌ని విలన్ చెయ్యడం ఒకటి, రాక్ అనే ఇంకో పెద్ద స్టార్ సినిమాలకి వెళ్ళడం ఒకటి, అన్నీ దీని మీదే తోసెయ్యను. కానీ నైట్రో ఇళ్ళు ఎటు పోయాయి అంటే ఎటూ పోలేదు, ఆ టైంకి టీవీలో ఇంకేదో పెట్టుకున్నారు లేదా ఆపేశారు.

వాళ్ళు అసలు తొంగి చూడలేదా అంటే చూశారు. జులైలో రెండు కంపెనీలు ఢీ అన్నట్టు పెట్టిన పే పర్ వ్యూని 7 లక్షలకు పైగా కొన్నారు. అంటే గుమ్మం దాకా వచ్చారు. లోపల ఏం కనపడింది? వాళ్ళ గోల్డ్‌బర్గ్, స్టింగ్, ఫ్లెయిర్, నాష్ ఎవరూ లేరు, పాత కాంట్రాక్ట్ డబ్బు వస్తుంటే ఇంట్లో కూర్చున్నారు. వచ్చిన కొద్దిమందిని కూడా ఓడిపోయేవాళ్ళుగా, బుద్ధిలేనివాళ్ళుగా చూపించారు. అంతకు ముందు జులై 2న టాకోమాలో రా షో ఆఖర్న డబ్ల్యూసీడబ్ల్యూ పేరుతో బుకర్ టీ, బఫ్ బాగ్‌వెల్ మ్యాచ్ పెడితే స్టేడియం మొత్తం ఛీకొట్టింది, వాళ్ళు విన్స్ జనం కదా, అవతలి వాళ్ళని ఏళ్ళుగా ద్వేషించడం నేర్పింది కూడా ఈయనే. జార్జియాలో ఇంట్లో కూర్చుని అది చూస్తున్న నైట్రో అభిమానికి ఎలా ఉంటుంది? చిన్నప్పట్నుంచి తాతతో కలిసి చూసిన ఆటని అతిథిగా పిలిచి అవమానించినట్టు ఉంటుంది.

ఇంకా నన్ను ఆపేది ఏంటంటే ఇదే పాఠం విన్స్‌కి 17 ఏళ్ళ ముందే వచ్చింది. 1984లో టర్నర్ ఛానల్ టీబీఎస్‌లో శనివారం సాయంత్రం 6:05కి జార్జియా రెజ్లింగ్ వచ్చేది, దక్షిణాదిలో కుటుంబాలకి అది అలవాటు. విన్స్ ఆ కంపెనీలో మెజారిటీ వాటా కొని, జులై 14న ఆ టైంకి తన మనుషులతో తన షో పెట్టాడు. ఎప్పటిలా టీవీ పెట్టినవాళ్ళకి తెలిసిన మొహం ఒక్కటీ లేదు. ఫోన్లు, ఉత్తరాలు, తిట్లు, మా రెజ్లింగ్ మాకు ఇవ్వండి అని. రేటింగ్ పడింది, మరుసటి ఏడాది ఆ స్లాట్‌ని 10 లక్షల డాలర్లకి జిమ్ క్రాకెట్‌కే అమ్మేసి బయటపడ్డాడు. స్లాట్ కొన్నాడు, ప్రేక్షకుడు రాలేదు. అంత తెలివైన మనిషి రెండోసారీ అదే చేశాడంటే, గెలిచినవాడికి అవతలి ఇల్లు ఎలా ఉంటుందో కనపడదు అనుకుంటా.

దీనికి ఎదురు వెళ్ళే సాక్ష్యం కూడా ఉంది, అది దాచి కేసు చెప్తే తప్పు. 2019లో టోనీ ఖాన్ డబ్బుతో, కోడీ రోడ్స్, యంగ్ బక్స్, కెన్నీ ఒమేగా అనే రెజ్లర్లతో ఏఈడబ్ల్యూ అనే కొత్త కంపెనీ వచ్చింది. అక్టోబర్ నుంచి బుధవారం రాత్రి వాళ్ళ డైనమైట్ షోకి పోటీగా డబ్ల్యూడబ్ల్యూఈ (విన్స్ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కే తర్వాత వచ్చిన పేరు) తన ఎన్ఎక్స్‌టీ అనే షోని నిలబెట్టింది. ఏడాదిన్నర తర్వాత 2021 ఏప్రిల్‌లో ఎన్ఎక్స్‌టీ మంగళవారానికి తప్పుకుంది. ముందు వారం 7 లక్షల లోపు చూసిన డైనమైట్‌ని ఆ వారం 12 లక్షలకు పైగా చూశారు. ఆ రాత్రి టైసన్ కూడా ఉన్నాడనుకోండి, ఆ సంఖ్య తర్వాత తగ్గింది కూడా, కానీ జనం వచ్చిన మాట నిజం. మరి 2001లో రానివాళ్ళు ఇక్కడెలా వచ్చారు? నా లెక్కలో తేడా ఒకటే. డైనమైట్, ఎన్ఎక్స్‌టీ ఒకే కంచంలో తినే షోలు, రెండింటికీ చిన్న హాళ్ళలో ఇండీ (చిన్న చిన్న కంపెనీల) రెజ్లింగ్ చూసి పెరిగిన అదే అభిమాని, రిమోట్‌తో అటూ ఇటూ తిరుగుతున్నాడు, ఒకటి తప్పుకుంటే ఇంకోదాని దగ్గర కూర్చున్నాడు. రా, నైట్రోలకి అలా తిరిగేవాళ్ళు కొందరున్నా, కింద పునాది మాత్రం రెండు వేరే వేరే ఇళ్ళు.

2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షోకి వెళ్ళా, పని మీద కాదు, కార్డుల మీద ప్రేమతో. జాన్ సీనా ఇండియాలో మొదటిసారి రింగ్‌లో ఆడుతున్నాడు. నా ముందు వరసలో ఒక తండ్రి, ఎనిమిదేళ్ళ కొడుకు. తండ్రి సీనా పాట మొదలవగానే లేచి నిలబడ్డాడు, గొంతు పూడుకుపోయింది. కొడుకు మాత్రం సెత్ రోలిన్స్ పాట వచ్చినప్పుడు గొంతు చించుకున్నాడు, సీనా వచ్చినప్పుడు "నాన్నా, నీ హీరో వచ్చాడు" అన్నాడు. 2008లో షోని పిల్లలు చూసేలా మార్చినప్పుడు దొరికిన కుర్రాడు ఇప్పుడు టికెట్ కొనే తండ్రి. అక్కడ ఒక ఇంట్లోనే ఇద్దరు ప్రేక్షకులు కూర్చున్నారు, ఇద్దర్నీ ఒకటే అంకెగా లెక్కేస్తాం మనం.

సరే, ఆ రెండు వారాల్లో నేను చేసింది. ముందు మా రీసెర్చ్ వాళ్ళని ఒకటే అడిగా, ఆ సీరియల్ చూసే ఇళ్ళలో మన సీరియల్స్ ఏదైనా చూసేవి ఎన్ని. చాలా తక్కువ. అంటే మనది డైనమైట్ కేసు కాదు, నైట్రో కేసు. తర్వాత తెనాలి, నూజివీడు వైపు కొన్ని ఇళ్ళకి నేనే వెళ్ళి కూర్చున్నా. తెనాలిలో ఒక పెద్దావిడ వంటిల్లు సర్దుతూ మాట్లాడారు. పిన్నిగారూ, ఆ సీరియల్ అయిపోతే తొమ్మిదింటికి ఏం చూస్తారు అంటే, "చూడ్డం ఏముంది బాబూ, అది అయ్యేదాకా మెలకువగా ఉంటున్నా గానీ, లేకపోతే ఎనిమిదిన్నరకే నడుం వాల్చేద్దును" అన్నారు. మన ఛానల్ పెట్టరా అంటే, మీ వాటిల్లో అందరూ అరుచుకుంటారు బాబూ అన్నారు. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

పెద్ద సీరియల్‌ని కదపొద్దని రాసిచ్చా, పెద్ద గొడవే అయింది, చివరికి ఒప్పుకున్నారు. తొమ్మిదింటికి నెమ్మదైన కుటుంబ కథ ఒకటి, అరుపులు లేనిది, వాళ్ళ సీరియల్ ఆగడానికి మూడు వారాల ముందే మొదలెట్టాం, ఆ సీరియల్లో తల్లి పాత్ర వేసి మధ్యలోనే బయటికొచ్చేసిన నటిని తెచ్చుకున్నాం, తెలిసిన మొహం ఒకటైనా ఉండాలని. వాళ్ళది ఆగిపోయిన తర్వాత గురువారం డేటా వచ్చింది. కొంతమంది వచ్చారు, అనుకున్నదానికంటే నయం. కానీ ఆ అరగంటలో తెలుగు ఛానళ్ళు అన్నీ కలిపి చూసినా మొత్తం జనం అంతకుముందు కంటే తగ్గారు, ఆ లోటు ఇప్పటికీ పూడలేదు. మొన్న తెనాలి ఫోన్ చేశా. వాళ్ళ కోడలు ఎత్తింది, అత్తయ్య పడుకున్నారండీ అంది. టైం ఎనిమిది నలభై.